ఇంజన్ పక్కన బోర్డు ఎవరు రాశారు?

పాత ఆవిరి ఇంజన్‌ను ఎక్కడ నిలబెట్టినా దానికి రంగు వేస్తారు, సిమెంటు దిమ్మె కడతారు, పక్కన ఒక బోర్డు పెడతారు. ఇంజన్ ఏ దేశంలో తయారైంది, ఏ సంవత్సరంలో వచ్చింది, బరువెంత, ఎన్నేళ్లు పనిచేసింది అన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి. అది ఏం మోసింది, ఎవరి అడవి నుంచి మోసింది, మోసుకుపోతుంటే అక్కడి మనుషులు ఏమయ్యారు అన్నది మాత్రం ఉండదు. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ టీచర్లుగా మేము అడుగుతున్నది ఆ రాయని మాటల గురించే.

ఈ వ్యాసానికి మేము తైవాన్ ద్వీపంలోని అలీషాన్ కొండ రైలును తీసుకున్నాం. అంత దూరం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడవి, చట్టం, రైలు, పాఠ్యపుస్తకం, ఆదివాసీ టీచరు, ఈ ఐదూ అక్కడ ఒకే కొండదారి మీద కనిపిస్తాయి. పైగా అక్కడి ఆదివాసులు ఒక తప్పుడు పాఠాన్ని బడి నుంచి బయటికి పంపించగలిగారు. అది ఎలా జరిగిందో మన పిల్లలకూ, మనకూ తెలియాలి.

కొండ ఎక్కిన ఇంజన్

అలీషాన్ రైలు చియాయి పట్నంలో మొదలవుతుంది. అక్కడ నేల సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. 70 కిలోమీటర్లకు పైగా నడిచి 2,200 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. దారిలో ఒక కొండను రైలు పాము చుట్టుకున్నట్టు చుట్టుకుంటూ ఎక్కుతుంది. ఇంకా పైకి వెళ్లాక మలుపు తిరగడానికి చోటు లేక ముందుకు కొంత దూరం, వెనక్కి కొంత దూరం నడుస్తూ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది.

మామూలు ఆవిరి ఇంజన్ ఇలాంటి వాలు మీద జారిపోతుంది. దాని బలమంతా కొన్ని పెద్ద చక్రాలకే చేరుతుంది. అమెరికాలో మిచిగాన్ రాష్ట్రపు కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే దీనికి ఉపాయం కనిపెట్టి 1881లో పేటెంటు తీసుకున్నాడు. షే ఇంజన్‌లో సిలిండర్లు కుడిపక్కన నిలువుగా ఉంటాయి. అవి పక్కగా పొడవునా ఉన్న ఒక షాఫ్టును తిప్పుతాయి. ఆ షాఫ్టు పళ్ల చక్రాల ద్వారా అన్ని చక్రాలనూ తిప్పుతుంది. కుడివైపు బరువు పెరుగుతుంది కనుక బాయిలర్‌ను ఎడమకు జరిపి బిగించారు. వేగం తక్కువ, పట్టు ఎక్కువ. ఒహాయో రాష్ట్రంలోని లైమా కర్మాగారంలో తయారైన ఇలాంటి ఇంజన్లను అలీషాన్‌కు 20 తెప్పించారు. 8 ఇంజన్లు 18 టన్నుల రకం, 12 ఇంజన్లు 28 టన్నుల రకం.

ఆ తెలివిని మేము తక్కువ చేయడం లేదు. పళ్ల చక్రం గురించి, వాలు తలం గురించి, ఆవిరి ఒత్తిడి గురించి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 25, 26, 31 నంబర్ల ఇంజన్లను అక్కడివాళ్లు మళ్లీ నడిచేటట్టు బాగుచేసుకున్నారు. కొన్నింటిని చియాయిలో ప్రదర్శనకు పెట్టారు. 14వ నంబరు ఇంజన్ సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని పఫింగ్ బిల్లీ రైల్వే మ్యూజియానికి చేరింది. ఇనుమును ఇంత శ్రద్ధగా కాపాడుకున్నారు. మంచిదే. ఇనుము మీద ఉన్న ఈ శ్రద్ధ, ఆ ఇనుము ఎక్కి వచ్చిన కొండ మీది మనుషుల మీద ఎంత ఉందన్నదే మా ప్రశ్న.

కాగితం లేదు కనుక అడవి మీది కాదు

అలీషాన్ కొండల్లో ఉండేది త్సో ఆదివాసులు. ఈనాడు వాళ్లు ఏడు వేల లోపే. తపాంగు, త్ఫుయా వాళ్ల పెద్ద ఊళ్లు. ఊరి మధ్యలో కూబా అనే పెద్ద ఇల్లు ఉంటుంది. మగవాళ్లు కూర్చుని మంచీ చెడూ మాట్లాడుకునేది, పండుగకు ముందు చేరేది అక్కడే. వాళ్ల దేవుడు హామో మేపుల్ చెట్టును ఊపితే రాలినవే మనుషులయ్యాయని త్సో పెద్దలు చెబుతారు. చెట్టు నుంచి పుట్టామని చెప్పుకునే జనం వాళ్లు. వేట హద్దులు ఏ వంశానికి ఎక్కడిదాకా అన్నది వాగుల పేర్లలో, గట్ల పేర్లలో ఉంది. కాగితం మీద లేదు.

1895లో చైనా చింగ్ ప్రభువుల నుంచి తైవాన్ జపాన్ చేతికి వెళ్లింది. ఆ ఏడాదే కొత్త ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది: సొంతమని చూపే కాగితం లేని అడవి, బంజరు అంతా ప్రభుత్వానిదే. ఒక్క వాక్యంతో కొండలన్నీ చేతులు మారాయి. ఇది మనకు కొత్త కథ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం మన కొండల మీద చేసింది ఇదే పని. తాత ముత్తాతలు పోడు కొట్టుకున్న నేల ఒక ఉదయానికి రిజర్వు ఫారెస్టు అయింది. కట్టె తెచ్చుకుంటే దొంగతనం, పశువును తోలితే నేరం. ఇక్కడి దొర వేరు, అక్కడి దొర వేరు. ఇద్దరూ అడిగింది ఒక్కటే: కాగితం చూపించు.

కాగితం పని అయ్యాక పట్టాల పని మొదలైంది. 1906లో ఒక జపాన్ కంపెనీ లైను వేయడం మొదలుపెట్టి ఖర్చు భరించలేక 1908లో ఆపేసింది. 1910లో ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. 1912 చివరికి రైలు కొండ పైభాగందాకా నడిచింది, 1914 నాటికి అలీషాన్ చేరింది. దిగేటప్పుడు సైప్రస్ దుంగలు దిగాయి. వెయ్యేళ్లు, రెండు వేల ఏళ్లు పెరిగిన చెట్లు అవి. చియాయిలో కోత మిల్లు పెట్టారు, అక్కడి నుంచి కలప ఓడలెక్కింది. టోక్యోలో మెయిజీ చక్రవర్తి పేరున కట్టిన మందిరపు మొదటి మహాద్వారానికి కూడా అలీషాన్ కలపే వెళ్లింది.

ఒక పెద్ద చెట్టును మాత్రం పట్టాల పక్కన నిలబెట్టి దేవతావృక్షమని పేరు పెట్టారు. దాని వయసు మూడు వేల ఏళ్లని చెప్పేవారు. 1956లో పిడుగు పడి చచ్చిపోయింది. 1998లో మొదలు పడగొట్టారు. చుట్టూ ఉన్న దాని తోబుట్టువులను నరికినవాళ్లే దాన్ని మొక్కారు, ఫొటోలు తీశారు.

1935లో అదే కొండ మీద జపాన్ వాళ్లు ఒక స్తంభం కట్టారు. నరికిన చెట్ల ఆత్మలకు శాంతి కలగాలని కట్టిన స్తంభం అది. ఇప్పటికీ ఉంది, యాత్రికులు చూస్తారు. చెట్టుకు ఆత్మ ఉంటుందని నమ్మడం తప్పని మేము అనడం లేదు, మనమూ నమ్ముతాం. చెట్టు కొట్టేముందు మన పెద్దలు దాన్ని అడుగుతారు. అక్కడ అడవంతా కొట్టాక చెట్టును క్షమించమన్నారు. ఆ అడవి ఎవరిదో వాళ్లను మాత్రం కొట్టకముందూ అడగలేదు, కొట్టాకా అడగలేదు.

స్టేషన్ ముందు విగ్రహం, బడిలో పాఠం

అడవి తీసుకున్నవాడికి ఒక కథ కావాలి. ఆ అడవిలో ఉన్నవాళ్లు మంచివాళ్లు కాదు, వాళ్లను మనిషిని చేయడానికే మేం వచ్చాం అని చెప్పే కథ. అలీషాన్‌లో ఆ కథ పేరు వూ ఫెంగ్.

వూ ఫెంగ్ 18వ శతాబ్దంలో చింగ్ ప్రభుత్వం కింద ఆదివాసుల మధ్య దుబాసీగా పనిచేశాడు. 1769లో త్సో చేతిలో చనిపోయాడు. పాఠ్యపుస్తకం కథ ఇలా సాగుతుంది: తలలు నరికే ఆచారం మానమని అతను ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. రేపు ఎర్రబట్టలు వేసుకుని ఒకడు వస్తాడు, వాడి తల తీసుకోండి అన్నాడు. మర్నాడు వాళ్లు నరికి చూస్తే అది వూ ఫెంగ్ తలే. అప్పుడు వాళ్లు ఏడ్చి, పశ్చాత్తాపపడి ఆచారం మానేశారు. త్సో పెద్దలు చెప్పే కథలో అతను త్యాగమూర్తి కాదు. వాళ్లను మోసం చేసినవాడు, అందుకే చచ్చినవాడు.

జపాన్ పాలకులు వూ ఫెంగ్ గుడిని బాగుచేసి, అతని కథను బడిపుస్తకంలో పెట్టారు. 1945లో జపాన్ వెళ్లిపోయింది. వచ్చిన చైనా జాతీయవాద ప్రభుత్వం జపాన్ వాళ్ల పేర్లు చెరిపేసింది, వూ ఫెంగ్ కథను మాత్రం ఉంచింది. పాలకులు మారినా పాఠం మారలేదు. అంతేకాదు, త్సో వాళ్లుండే మండలానికే వూ ఫెంగ్ అని పేరు పెట్టారు. అడవి రైలు మొదలయ్యే చియాయి స్టేషన్ ముందు అతని విగ్రహం నిలబెట్టారు. ఆదివాసీ పిల్లవాడు కొండ దిగి పట్నం బడికి వస్తే మొదట కనిపించేది ఆ విగ్రహం. తరగతిలో ఆ పాఠం వచ్చిన రోజు తోటి పిల్లలందరూ అతనివైపు తిరిగి చూసేవారు. తలలు నరికేవాడని పిలిచేవారు.

తోటి టీచర్లారా, ఆ తరగతి మనకు తెలుసు. కొండవాళ్లు నాగరికత లేనివాళ్లని, అమాయకులని, మార్చాల్సినవాళ్లని చెప్పే వాక్యాన్ని మన పిల్లల చేతే పైకి చదివించిన తరగతులు మన దగ్గరా ఉన్నాయి. పిల్లవాడు చదువుతాడు, తప్పుల్లేకుండా చదివితే శభాష్ అంటారు. ఆ వాక్యం తన అమ్మ గురించి, తన తాత గురించి అని వాడికి ఇంటికి వెళ్లే దారిలో తెలుస్తుంది.

అక్కడి ఆదివాసీ యువకులు దీన్ని ఊరికే వదల్లేదు. 1980ల్లో సంఘాలు పెట్టుకుని ఆ పాఠం తీసేయాలని వీధుల్లోకి వచ్చారు. 1988 డిసెంబరు 31న చియాయి స్టేషన్ ముందున్న వూ ఫెంగ్ విగ్రహానికి తాళ్లు కట్టి లాగి పడేశారు. ఆ కాలంలోనే కథ పాఠ్యపుస్తకాల నుంచి పోయింది. 1989లో మండలం పేరు వూ ఫెంగ్ నుంచి అలీషాన్‌గా మారింది. బడిపుస్తకంలో ఒక పాఠం తీయించడానికి జనం వీధిలోకి రావాల్సి వచ్చింది. కానీ పాఠం పోయింది. పుస్తకంలో ఉన్నది మారదని మనకు చెప్పేవాళ్లకు ఇది జవాబు.

కొండ మీది టీచరు

అదే కొండ మీద ఒక టీచరు ఉండేవాడు. పేరు ఉయోంగు యతాఉయోంగానా. 1908లో పుట్టాడు. జపాన్ వాళ్లు యాతా కాజువో అన్నారు, చైనా ప్రభుత్వం కావ్ యీషెంగ్ అని రాసుకుంది. ఒక మనిషికి మూడు పేర్లు. సొంత పేరు తప్ప మిగతా రెండూ పాలకులు పెట్టినవే. హాజరుపట్టీలో పిల్లల ఇంటిపేరు మార్చి, అసలు పేరు తీసేసి ఇంకో పేరు రాయడం మనం చూస్తున్నదే.

ఉయోంగు తైనాన్‌లోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదివాడు. మనం డైట్‌లో చదువుకున్నట్టే. 1927లో రష్యా భాషా పండితుడు నికొలాయ్ నెవ్‌స్కీ త్సో భాషను రాసుకోవడానికి కొండకు వస్తే, ఇంకా విద్యార్థిగా ఉన్న ఉయోంగు అతని పక్కన కూర్చుని సాయం చేశాడు. చదువయ్యాక పట్నంలో ఉండిపోలేదు, సొంత కొండకు తిరిగి వచ్చి పిల్లలకు చదువు చెప్పాడు. పియానో వాయించాడు, పాటలు కట్టాడు. కొత్త పంటలు వేయమని ఊళ్లవాళ్లను ప్రోత్సహించాడు. 1945 తర్వాత తన మండలానికి పెద్ద అయ్యాడు. 1947లో తైవాన్ అంతా ప్రభుత్వం మీద తిరగబడిన రోజుల్లో, కొండ జాతులన్నీ కలిసి తమను తాము పాలించుకునే ప్రాంతం ఒకటి కావాలన్న మాట ముందుకు తెచ్చాడు. మన భాషలో చెప్పాలంటే స్వయంపాలన అడిగాడు. 1952లో అరెస్టు చేశారు. జైలు నుంచి భార్యకు ఉత్తరాలు రాశాడు. 1954 ఏప్రిల్ 17న కాల్చి చంపారు. అతని కుటుంబం చాలా ఏళ్లు నిఘా కింద బతికింది.

ఇప్పుడు చెప్పండి. 28 టన్నుల ఇంజన్ చరిత్ర నంబరుతో సహా బోర్డు మీద ఉంటుంది. దాని సిలిండర్లు ఎన్నో, దాన్ని ఏ ఫ్యాక్టరీ చేసిందో చిన్నపిల్లవాడు కూడా చదివి చెప్పగలడు. ఆ పట్టాల చివర ఉన్న కొండ మీద బడి నడిపి, తన జాతి కోసం మాట్లాడి ప్రాణం పోగొట్టుకున్న టీచరు పేరు అదే దారిలో ఎంతమంది ప్రయాణికులు చదువుతున్నారు? ఇంజన్‌కు రంగు వేయడానికి ఏటా ఎవరికీ అనుమతి అవసరం లేదు. ఉయోంగు పేరు పైకి పలకడానికి ఆ కొండవాళ్లకు దశాబ్దాలు పట్టింది.

2016 ఆగస్టు 1న తైవాన్ అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్ ప్రభుత్వం తరఫున ఆదివాసులకు క్షమాపణ చెప్పారు. మాట చెప్పడం చిన్న విషయం కాదు. భూమి తిరిగి రావడం వేరే విషయం, దానికోసం అక్కడివాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. 2009లో మొరాకోట్ తుపానుకు ఆ కొండలు విరిగిపడ్డాయి. త్సో ఊళ్లలో ఇళ్లు పోయాయి, కొందరు ఊరు మారాల్సి వచ్చింది. దెబ్బతిన్న రైలు మార్గాన్ని కట్టీ కట్టీ 2024 జులైలో పూర్తిగా తెరిచారు. ఇప్పుడు ఆ రైలు సూర్యోదయం చూడటానికి వచ్చేవాళ్లను మోస్తోంది.

మన కొండల్లో పట్టాలు

కలప కోసం అడవిలోకి పట్టాలు వేయడం మన దేశంలోనూ జరిగింది. కేరళలోని పరంబికుళం అడవుల నుంచి చాలకుడికి 1907 నుంచి కొచ్చిన్ సంస్థానం అటవీ ట్రామ్‌వే నడిచింది. జర్మనీ ఇంజన్లతో టేకు, ఈటె దుంగలు దించారు. 1963లో మూసేశారు. ఆ అడవి కాడర్ ఆదివాసులది. ట్రామ్‌వే మీద రాసినవాళ్లు ఇంజనీరు పేరు చెబుతారు, దివాను పేరు చెబుతారు. దారి చూపిన కాడర్ మనిషి పేరు ఎక్కడా రాదు.

తెలుగు నేలకు వస్తే కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను ఉంది. అలీషాన్ నుంచి జపాన్‌కు కలప వెళ్తే, బైలాడిలా కొండల ఇనుప రాయి జపాన్ ఉక్కు మిల్లులకు వెళ్లడానికి 1960ల్లో జపాన్ సాయంతో ఈ లైను వేశారు. అనంతగిరి, అరకు కొండలను తొలిచి సొరంగాలు చేశారు. 2017 నుంచి అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. అందులో కూర్చున్నవాళ్లకు లోయలు కనిపిస్తాయి, జలపాతాలు కనిపిస్తాయి, పసుపుపచ్చని వలిసెల పూలు కనిపిస్తాయి. ఎదురుగా వచ్చే గూడ్సు బండి నిండా ఎవరి కొండ ఉందో అద్దంలోంచి కనిపించదు. 2019 జూన్‌లో బైలాడిలాలో 13వ నంబరు నిక్షేపం తవ్వొద్దని, అది తమ నందరాజ్ దేవుడి కొండ అని వేలమంది ఆదివాసులు రోజుల తరబడి బైఠాయించారు. ఆ లైను చరిత్ర రాసే బోర్డు మీద ఈ మాట కూడా ఉండాలి.

రేపు ఏదో ఒక రోజు ఈ లైను మీద నడిచిన పాత ఇంజన్‌నూ తెచ్చి ఏ స్టేషన్ ముందో దిమ్మె మీద పెడతారు. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. బోర్డు ఎవరు రాస్తారో ఇప్పుడే ఆలోచించాలి.

మాకు ఎదురయ్యే మాటలు

"యంత్రానికి కులం, జాతి ఎక్కడిది? దాన్ని ఎందుకు రాజకీయంలోకి లాగుతారు?" అంటారు. యంత్రానికి జాతి లేదు. బోర్డుకు ఉంది. ఏం రాయాలో, ఏం వదలాలో ఎంచుకున్నవాడికి ఉంది.

"రైలు లేకపోతే మీ కొండకు ఆసుపత్రి, చదువు ఎలా వస్తాయి?" అంటారు. మేము రైలు వద్దనడం లేదు. కలప కోసం వేసిన పట్టాలు కలప ఉన్నచోట ఆగుతాయి, రోగి ఉన్నచోట ఆగవు. డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయని మనకు తెలుసు. ఖనిజానికి సొరంగం తవ్వగలిగిన చేతులు ఆ ఊరికి రోడ్డు వేయలేవా?

"పాతది తవ్వడం దేనికి? ముందుకు చూడండి" అంటారు. పాతది తవ్వి, రంగు వేసి, దిమ్మె కట్టి నిలబెట్టింది మేము కాదు. జ్ఞాపకం అక్కర్లేదనుకుంటే ఇంజన్ మాత్రం ఎందుకు? కావాలనుకుంటే సగం జ్ఞాపకం చాలదు.

మనం చేయాల్సిన పని

2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది ఉద్యోగాల సంగతి మాత్రమే అనుకున్నవాళ్లు చాలామంది. పాఠం ముందు ఎవరు నిలబడతారు, ఏ వాక్యం దగ్గర ఆగి "ఇది నిజం కాదు పిల్లలూ" అని ఎవరు చెబుతారు అన్నది దాంతో ముడిపడి ఉంది. ఉయోంగు తన కొండకు తిరిగి వచ్చి పాఠం చెప్పాడు కనుకే అతన్ని చూసి పాలకులు భయపడ్డారు. స్థానిక ఆదివాసీ టీచరు కోసం చేసే పోరాటం ఆపకూడదు.

పోరాటంతో పాటు ప్రతి బడిలో చేయగల పని ఒకటి ఉంది, దానికి ఏ జీవో అక్కర్లేదు. మన మండలంలో పాత కలప డిపో ఉండొచ్చు, ఫారెస్టు బంగళా ఉండొచ్చు, ఆనకట్ట ఉండొచ్చు, గని ఉండొచ్చు. దాన్ని ఎవరు కట్టారో బోర్డు చెబుతుంది. దానికి ముందు అక్కడ ఏ ఊరుండేదో, ఆ వాగు అసలు పేరేమిటో, ఏ దేవుడి కొలువుండేదో పిల్లల చేత తాతలనూ అవ్వలనూ అడిగించండి. కొండ, కోయ, కువి, గోండి, సవర, ఏ భాషలో చెబితే ఆ భాషలోనే తెలుగు లిపిలో రాయించండి. తేదీ వేయించండి, చెప్పినవాళ్ల పేరు రాయించండి. ఇది ప్రాజెక్టు పని మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద రూపొందిన నియమాల్లో 13వ నియమం, ఊరి పెద్దలు చెప్పి రాతలో పెట్టిన మాటను, వంశవృక్షాన్ని, శ్మశానాలూ పూజాస్థలాల వంటి గుర్తులను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. కాగితం లేదని అడవి పోగొట్టుకున్నవాళ్లం మనం. మన అవ్వ మాటను కాగితం చేసే చదువు ఇప్పుడు మన పిల్లల చేతిలో ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మ్యూజియానికి వెళ్లినప్పుడు ఇంజన్‌ను బాగా చూడండి. దాని పళ్ల చక్రాలు ఎలా తిరుగుతాయో నేర్చుకోండి, అది మీ హక్కు. తర్వాత బోర్డు చదవండి. అందులో లేనిది ఏమిటో నోటుబుక్కులో రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మ్యూజియం అధికారికి ఇవ్వండి, గ్రామసభలో చదవండి, ఐటీడీఏకు అర్జీగా పెట్టండి. ఇంజన్‌ను తీసేయమని అడగకండి. పక్కన ఇంకో బోర్డు పెట్టమనండి. దాని మీద ఏం రాయాలో మనం చెబుతామనండి.